ఆడపిల్లల వరుస

మా నమోదు పత్రంలో పదకొండో గడి: గోడ మీద బొమ్మలు చివరిసారి ఎప్పుడు వేశారు. పన్నెండో గడి: ఆపేస్తే, కారణం. మస్తూరా ఇంటి పత్రంలో పన్నెండో గడి నేను తప్పుగా నింపాను. "బజారు రంగులు రావడం వల్ల" అని రాశాను. ఆ మాట చెప్పింది మస్తూరా కాదు, ఆమె ఆడపడుచు అజ్జా. చెప్పేటప్పుడు అజ్జా నవ్వుతోంది. నవ్వుతూ చెప్పిన మాటని ఇంకొకసారి అడగకుండా రాయకూడదని అభాలో ఇరవై రెండేళ్ళు పత్రికలో పనిచేసిన నాకు తెలిసి ఉండాల్సింది.

అసీర్ కొండల్లో ఆడవాళ్ళు ఇంటి గోడల మీద వేసే బొమ్మల్ని నమోదు చేయడానికి వారసత్వ కార్యాలయం ఆ ఏడు నన్ను తీసుకుంది. వేసేది ఆడవాళ్ళు, వేసేది ఇంటి లోపల, కాబట్టి లోపలికి వెళ్ళగల మనిషి కావాలి. మా జాబితాలో ఏడుగురు ఉన్నారు. నేను పని మొదలుపెట్టేసరికి ఐదుగురు మిగిలారు. మస్తూరా వాళ్ళలో నాలుగో ఆమె.

వాళ్ళ పాత ఇల్లు రాతిది, మూడంతస్తులు. కొడుకు హాది పక్కనే సిమెంటు ఇల్లు కట్టాడు. అందరూ అందులోనే ఉంటారు. పాత ఇంటి తాళంచెవి మస్తూరా నడుముకి వేలాడుతుంది. అతిథుల గది రెండో అంతస్తులో ఉంది. తలుపుకి ఎదురుగా ఉన్న గోడ పొడవు ఐదు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. మోకాలి ఎత్తు వరకు పచ్చ. దాని పైన నల్ల గీతలు, ఎర్ర గళ్ళు, పసుపు త్రికోణాలు, పట్టీలు పట్టీలుగా. అన్నిటికన్నా పైన, చెయ్యెత్తితే అందే చోట, ఒకే వరుసలో ఐదు బొమ్మలు. ఒక్కొక్కటీ కింద త్రికోణం, దాని మీద కాడ, కాడకి రెండు పక్కలా మూడేసి గీతలు. ఆ వరుసని అక్కడివాళ్ళు ఆడపిల్లలు అంటారు.

"వయసు?" అని అడిగాను.

"డెబ్బై. అటూ ఇటూ," అంది మస్తూరా.

"ఇటే రాయి తల్లీ," అంది అజ్జా. "అటు రాశావంటే మా వదిన అన్నం మానేస్తుంది."

"నోరు మూసుకోవే. నీకన్నా ఆరేళ్ళు పెద్ద, అంతేగా."

"ఆరేళ్ళంటే ఆరు గోడలు వదినా."

వాళ్ళు ఏళ్ళని గోడల్లో లెక్కపెడతారు. ఏటా హజ్ పండుగకి వారం ముందు పాత గోడ మీద కొత్త జిప్సం పూసి, మళ్ళీ మొదటి నుంచి వేస్తారు. గీతలు గీసే చెయ్యి ఒకటే ఉంటుంది. రంగులు నింపడానికి చుట్టుపక్కల ఆడవాళ్ళు వస్తారు. ఈ ఇంట్లో గీసే చెయ్యి మొదట మస్తూరా అత్తది, తరవాత మస్తూరాది. అజ్జా పుట్టింది ఈ ఇంట్లోనే. భర్త పోయాక తిరిగి ఇక్కడికే వచ్చింది. ఆమె ఎప్పుడూ రంగులు నింపే మనిషే.

"చివరిసారి ఎప్పుడు వేశారు?"

"ఇరవై ఆరులో," అంది మస్తూరా. హిజ్రీ 1426. నేను అడుగుతున్నది 1445లో.

"ఎందుకు ఆపేశారు పిన్నీ?"

మస్తూరా కాఫీ గిన్నె కింద పెట్టింది. అజ్జా మాట అందుకుంది.

"బజారులో డబ్బా రంగులొచ్చాయి కదా తల్లీ. రోలరొకటి కొనుక్కుంటే పూటలో పని అయిపోతుంది. ఇంకెవరు కూర్చుని మేక వెంట్రుకలతో గీతలు గీస్తారు? మా వదిన షోకైన మనిషి."

నేను రాసుకున్నాను. మస్తూరా గిన్నె మళ్ళీ తీసుకుని నాకు కాఫీ పోసింది.

ఆడపిల్లలెంతమంది అని అడిగితే మస్తూరా నలుగురు అంది. సాలిహా జెద్దాలో, నవాల్ ఖమీస్‌లో, షరీఫా అభాలో, అమల్ కింది ఊళ్ళో. సంతానం గడిలో నాలుగు వేశాను. అదే పేజీలో నాలుగంగుళాల కింద, బొమ్మల సంఖ్య గడిలో, ఐదు వేశాను. రెండంకెలూ నా చేత్తోనే వేశాను. ఒకటి మనుషుల లెక్క, ఇంకొకటి బొమ్మల లెక్క అనుకున్నాను.

తరవాత రెండు రోజులు గోడ మీద పారదర్శకమైన కాగితం అంటించి, ఉన్న గీతని ఉన్నంత మేరకు దించాను. మూడో బొమ్మ దగ్గర ఆగాను. దానికి ఎడమ పక్క మూడు గీతలు, కుడి పక్క నాలుగు.

"ఇది పొరపాటా పిన్నీ?"

"ఉన్నది ఉన్నట్టు దించుకో," అంది మస్తూరా. ఆ రెండు రోజులూ ఆమె గది దాటి వెళ్ళలేదు. ఫొటోలకి చేతులు మాత్రం ఇచ్చింది, ముఖం ఇవ్వలేదు.

ఆఫీసులో అలాంటి కాగితాల్ని ఎనిమిది మడతలు పెట్టి కవర్లో పెడతారు. దీన్ని నేను అప్పటికి చుట్టి కారు వెనక సీట్లో పెట్టాను.

రంజానుకి ముందొచ్చే షాబాన్ నెలలో నాలుగు రోజులు వాన పడింది. ఐదో రోజు అజ్జా ఫోన్ చేసింది.

"మీ గోడ కిందకి దిగింది. వచ్చి పలకరించి పో."

"ఎంత మేర అత్తా?"

"పిల్ల మేర," అని పెట్టేసింది.

ఆఫీసు ఇంజినీరు యహ్యాని తీసుకుని వెళ్ళాను. అతను గుమ్మం దగ్గర రెండుసార్లు దగ్గి, లోపల ఆడవాళ్ళు ముసుగులు సర్దుకునేదాకా ఆగి వచ్చాడు. కోతులు కప్పు మీది పలకరాళ్ళని లాగేశాయి. నీళ్ళు గోడ లోపలినుంచి దిగాయి. నాలుగో బొమ్మ ఉన్న చోట రెండు జానల మేర పెచ్చు ఊడి నేల మీద పడింది. త్రికోణం ఒక ముక్కలో ఉంది, కాడ మూడు ముక్కల్లో. మస్తూరా ఆ ముక్కల్ని ఏరి గుడ్డలో పెట్టింది. గుడ్డని కిటికీ గూట్లో పెట్టింది.

ఊడిన అంచు దగ్గర పొరలు కనిపించాయి. తెలుపు, రంగు, తెలుపు, రంగు, పుస్తకం అంచులాగా. యహ్యా భూతద్దం పెట్టి లెక్కపెట్టాడు. నలభై ఒకటి.

"నలభై ఒక్క పండుగలు," అన్నాడు. "ఇలాంటిది మా దగ్గర ఇంకొకటి లేదు."

"ఆ లోపల ఎక్కడో నేనూ ఉన్నాను నాయనా," అంది అజ్జా. "జాగ్రత్త, గీకితే చక్కిలిగిలి."

యహ్యా నవ్వలేదు. గోడని వేళ్ళ కణుపులతో తట్టుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళాడు. చాలాచోట్ల బోలుగా మోగింది.

"అమ్మా, ఉన్నమాట చెబుతాను. ఇది వచ్చే వానాకాలం దాటదు. రెండే దారులు. కప్పు బాగుచేసి, మీ పద్ధతిలో మీరే పైన కొత్త జిప్సం పూసి మళ్ళీ వేయడం ఒకటి. అలా వేసేటట్టయితే ఉన్నది ఉన్నట్టే వేయాలి. మా దగ్గర నకలుంది. బొమ్మలు ఐదంటే ఐదే. లేదంటే, మంచి భాగం కోసి అభాకి తీసుకెళ్ళి అద్దాల పెట్టెలో పెడతాం. ఈ మూడోది చూడండి. ఏడు గీతలది. ఇలాంటి నమూనా ఇంకే ఇంట్లోనూ దొరకలేదు. దీన్ని కోసి తీసుకెళతాం."

"ఆమెను ఎక్కడికీ పంపను," అంది మస్తూరా.

"ఎవరిని?"

మస్తూరా మెట్లు దిగి వెళ్ళిపోయింది. తాళంచెవి రాతికి తగులుతున్న చప్పుడు కిందిదాకా వినబడింది.

అజ్జా గోడకి వీపు ఆన్చి కూర్చుంది.

"చదువుకున్నవాళ్ళు మీరిద్దరూ. రెండు రోజులు గీతలు దించావు, తల్లీ. ఆడపిల్లల వరుస అంటే ఏమనుకున్నావు? ముగ్గు అనుకున్నావా?"

ఆ రోజు ఆమె చెప్పింది నేను అక్కడే కూర్చుని రాసుకున్నాను. ఈ ఊళ్ళో పై వరుసలో బొమ్మలు ఎన్ని వేయాలో ఇంటి ఇల్లాలి కడుపున పుట్టిన ఆడపిల్లలెంతమందో అంతే. పిల్ల పుడితే ఆ ఏటి గోడ మీద ఒకటి పెరుగుతుంది. పెళ్ళయి వెళ్ళినా ఉంటుంది. పోతే, తరవాతి గోడ మీద వేయరు. వరుస మధ్యలో ఖాళీ కూడా వదలరు. మిగిలినవాళ్ళని దూరం దూరంగా జరిపి, గోడ ఈ మూల నుంచి ఆ మూలకి నిండేటట్టు వేస్తారు.

"మా అక్క సాదా తొమ్మిదో ఏట పోయింది, జ్వరం తగిలి," అంది అజ్జా. "ఆ పండుగకి మా అమ్మ ముగ్గుర్ని ఇద్దరు చేసింది. నాకు ఎరుపు నింపమని కుంచె ఇచ్చింది. అక్క ఏదమ్మా అని అడిగాను. చెంప మీద ఒకటి ఇచ్చింది. తరవాత ఆమే ఏడ్చింది."

మస్తూరాకి ఐదుగురు. మూడోది జవాహిర్. టీచరు. ఆమెకి ఉద్యోగం వేసిన బడి కొండ కింద తిహామా మైదానంలో, రెండున్నర గంటల దారి. ఆరుగురు టీచర్లు కలిసి ఒక వ్యాను మాట్లాడుకుని తెల్లవారుజాము నమాజు కాగానే బయల్దేరేవాళ్ళు. ఇరవై ఆరు పండుగకి సెలవల్లో ఇంటికొచ్చినప్పుడు జవాహిర్ తల్లి చేతిలో కుంచె లాక్కుని తన బొమ్మ తనే వేసుకుంది. కుడి పక్క ఒక గీత ఎక్కువ పెట్టింది. ఇదేమిటే, నీకు చేతులు ఎక్కువొచ్చాయా అని తల్లి తిట్టింది. బోర్డు మీద రాయడానికొకటి, పిల్లల చెవులు మెలెయ్యడానికొకటి కావాలమ్మా అంది. పండుగ తరవాత రెండో నెలలో, పొగమంచులో, పదిహేడో మలుపు దగ్గర వ్యాను పడిపోయింది. జవాహిర్‌కి ఇరవై నాలుగేళ్ళు.

"ఆ తరవాతి పండుగకి ఆడవాళ్ళు రంగులు నింపడానికొచ్చారు. మా వదిన తలుపు తీయలేదు. దుఃఖంలో ఉందిలే అనుకున్నారు. మరుసటేడూ తీయలేదు. ఆ పై ఏడు అడగడం మొదలుపెట్టారు. నేనే చెప్పాను, మా వదిన షోకులకి పోయింది, డబ్బా రంగులు కొంటుందట అని. అందరూ నవ్వారు. నవ్వాక ఇంక అడగలేదు." అజ్జా నా పుస్తకం వైపు చూసింది. "నువ్వు కూడా అడగలేదు."

యహ్యా భూతద్దం జేబులో పెట్టుకుని, తను కింద ఉంటానని వెళ్ళాడు.

పద్దెనిమిది పండుగలు గోడ వేయకపోవడానికి కారణం అదీ. వేస్తే నలుగుర్ని వేయాలి. వేయనంత కాలం ఐదుగురున్నారు.

నేనూ అజ్జా సిమెంటు ఇంటికి వెళ్ళేసరికి మస్తూరా పొయ్యి దగ్గర రొట్టెలు చేస్తోంది. ముందు తినమంది. నెయ్యి, తేనె పెట్టింది. తిన్నాక తనే మాట్లాడింది.

"ఆ అబ్బాయికి చెప్పు. నా పిల్ల పెళ్ళి కాకుండా ఈ ఇంట్లోంచి పోయింది. ఊరూ పేరూ తెలియనివాళ్ళు టిక్కెట్టు కొనుక్కొచ్చి చూడ్డానికి దాన్ని అద్దాల పెట్టెలో నిలబెట్టను."

"అక్కర్లేదు పిన్నీ. మీరు వేయకపోయినా పరవాలేదు. నేను పత్రంలో రాస్తాను."

"ఏం రాస్తావు? పడిపోయిందెవరో చూశావా?"

నాలుగో బొమ్మ. నాలుగోది షరీఫా.

"దానికి నలభై ఏళ్ళు. ఆరో కాన్పు. డాక్టరు మంచం దిగొద్దన్నాడు," అంది మస్తూరా. "దాని బొమ్మ ముక్కలు గుడ్డలో కట్టి గూట్లో పెట్టాను. రోజూ ఫోన్ చేస్తుంది, గోడ బాగుందా అమ్మా అని. బాగుంది అంటున్నాను."

"పడిన చోట మాత్రం పూసుకోవచ్చు కదా?"

"చిరిగిన గుడ్డా అది, మాసిక వేయడానికి? గోడ వేస్తే మొత్తం వేయాలి. ఈ మూల మొదలుపెట్టి ఆ మూల ఆపాలి."

"అయితే ఐదూ వేయండి," అన్నాను. "ఆఫీసు కూడా ఐదే అడుగుతోంది. ఎవరూ కాదనరు."

ఇది సలహాగా అన్నాను. ఆమెకి మేలు చేస్తున్నాననుకున్నాను.

మస్తూరా రొట్టెల గిన్నె మీద మూత పెట్టింది.

"నేను అనుకోలేదనుకున్నావా?" అంది. "పద్దెనిమిదేళ్ళు అనుకున్నాను. బతికున్నవాళ్ళ వరుసలో పోయినదాన్ని నిలబెట్టకూడదు తల్లీ. నిలబెడితే అది పక్కదాని చెయ్యి పట్టుకుంటుందనేది మా అత్త. నీకు నవ్వొస్తుందేమో. వేయకుండా ఊరుకుంటే ఆగుతుందనుకున్నాను. చూడు, దాని పక్కదే పడింది."

నాకు నవ్వు రాలేదు. కప్పు మీద రాళ్ళు లాగింది కోతులని అందామనుకుని అనలేదు. అజ్జా అంది.

"కోతులు లాగాయి వదినా."

"తెలుసు."

"తెలిసీ?"

"తెలిసీనే. పండుగకి వేద్దాం. ఆడవాళ్ళకి చెప్పు."

నాలుగే వేస్తారని నేను తెలియజేస్తే, నకలు ప్రకారం ఐదు లేకపోతే పునరుద్ధరణ కింద లెక్కలోకి రాదని ఆఫీసు జవాబు రాసింది. ఆ ఉత్తరం అజ్జాకి చదివి వినిపించాను. "నీ ఆఫీసుకి ఎంతమంది ఆడపిల్లలు కావాలో అంతమందిని దాన్నే కనమను," అంది. నేను పన్నెండో గడి కొట్టేసి కొత్త పత్రం రాశాను. గడి రెండు వరుసలే ఉంటుంది. "ఇంటి ఆచారం వల్ల" అని రాసి పంపాను. అది కూడా సరిపోదు.

పండుగకి వారం ముందు తొమ్మిది మంది ఆడవాళ్ళు వచ్చారు. కొప్పుల్లో సువాసన వేసే రైహాను రెమ్మలు పెట్టుకుని, కాఫీ, ఖర్జూరాలు తెచ్చుకున్నారు. హాది కప్పు రాళ్ళు సర్దించి, ఆ నాలుగు రోజులూ పాత ఇంటి వైపు రాలేదు. ఇనుప తొట్టెలో జిప్సం కలిపారు. వాళ్ళలో సగం మంది ఈ గదిలోకి వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. "మేకతోక కుంచె ఎలా పట్టుకోవాలో మర్చిపోయాను," అని ఒకామె అంటే, "మేకకి గుర్తుంటుంది, అడుగు," అంది అజ్జా.

ఆచారం ప్రకారం జిప్సం మొదటి పూత ఇల్లాలి చేత్తో పడాలి. మస్తూరా ముద్ద తీసుకుని మొదటి బొమ్మ ఉన్న మూల నుంచి మొదలుపెట్టింది. సాలిహా పోయింది. నవాల్ పోయింది. మూడో బొమ్మ దగ్గర చెయ్యి ఆగుతుందేమోనని నేను కెమెరా దించాను. ఆగలేదు. కాని మిగతాచోట్ల ముద్దని అరచేత్తో ఈడ్చి పూసిన ఆమె, అక్కడ వేళ్ళతో పూసింది. కింద త్రికోణం, తరవాత కాడ, ఎడమ పక్క మూడు, కుడి పక్క నాలుగు. గీత వెంబడి గీత పూసి మూసింది. అప్పుడు అరచెయ్యి పెట్టి చదును చేసింది. గదిలో అందరూ చూశారు. ఆమె నాలుగో చోటికి, ఊడిన గుంటకి జరిగాక, అజ్జా తొట్టెలోకి వంగి ముద్ద కలపడం మొదలుపెట్టింది.

"కింద అందరూ ఉన్నారు వదినా," అంది తొట్టెలోకే చూస్తూ. "మా సాదా ఉంది. చూసుకుంటుంది."

మస్తూరా తల ఊపింది.

జిప్సం ఆరడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున గీతలు. బొగ్గు, జిగురు నూరి నలుపు సిద్ధం చేశారు. లూసర్న్ గడ్డి కట్టలు కింది పచ్చ రుద్దడానికి మూలన పెట్టారు. తలుపు వెనక మేకుకి ఒక తాడు వేలాడుతోంది. మేక బొచ్చుతో పేనింది, గోడ పొడవు ఎంతో అంత. పై వరుసలో బొమ్మల చోట్లు విభజించడానికి దాన్ని వాడతారు. దానికి నాలుగు ముడులున్నాయి. నాలుగు ముడులకి ఐదు చోట్లు.

మస్తూరా తాడు దించి ఒళ్ళో పెట్టుకుని మొదటి ముడి విప్పబోయింది. పంతొమ్మిదేళ్ళకి అది బిగుసుకుపోయింది.

"ఇలా ఇవ్వు, సూదితో లాగుతాను," అంది అజ్జా.

"వద్దు."

"కొత్త తాడు పేనుకుందామా పోనీ?"

"వద్దన్నానా."

నాలుగు ముడులూ గోళ్ళతోనే విప్పింది. మూడు గంటలు పట్టింది. తొమ్మిది మందీ కాఫీ తాగుతూ, కోడళ్ళ గురించీ, అభాలో కొత్త మాల్ గురించీ మాట్లాడుకుంటూ, ఆమె వైపు చూడకుండా కూర్చున్నారు. ముడులు విడిపోయాక కూడా ఆ నాలుగు చోట్ల తాడు వంకరగానే ఉంది.

తరవాత మస్తూరా తాడుని సగానికి మడిచింది. మడతని మళ్ళీ సగానికి మడిచింది. మూడు చోట్ల ముడులేసింది. అంతే, అయిపోయింది. ఆమె చేతుల్లోకి చూసుకుంది.

"ఐదుకి పూటంతా పట్టేది," అంది. "అటు సరిపోతే ఇటు సరిపోయేది కాదు. జవాహిర్ కొలిచి పెట్టేది, లెక్కల టీచరు కదా." తాడు మోకాలి మీద పెట్టింది. "నాలుగు ఎంత తేలికో చూడు."

అజ్జా లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది.

మధ్యాహ్నం నమాజుకి ముందు నాలుగు బొమ్మలూ పూర్తయ్యాయి. ఒక్కొక్కటీ రెండు పక్కలా మూడేసి గీతలు. షరీఫా బొమ్మ ఇప్పుడు మూడోది. మస్తూరా దాన్ని ఫొటో తీసి షరీఫాకి పంపమంది. పంపాను. అట్నుంచి వెంటనే ఫోన్ వచ్చింది. గోడ బాగుంది, కొత్తగా వేశాం అని మస్తూరా చెప్పింది. అవతల ఏమందో నాకు వినబడలేదు. మస్తూరా చాలాసేపు వింది. "ఊఁ," అంది. "నలుగురు." ఫోన్ నాకు తిరిగి ఇచ్చేసింది.

నేను సామాను సర్దుకుంటుంటే నా వెనకే మెట్లు దిగి కారు దాకా వచ్చింది. వెనక సీట్లో కాగితపు చుట్ట అలాగే ఉంది.

"అందులో ఐదుగురూ ఉన్నారు కదా?"

"ఉన్నారు పిన్నీ."

"ఏడు గీతలూ దించావా?"

"దించాను. పేర్లు రాయలేదు. ఒకటి, రెండు, మూడు అని అంకెలే వేశాను."

"అంకె చాలు." చుట్ట మీద చెయ్యి వేసింది, తీసుకోలేదు. "ఇప్పుడు దీన్నేం చేస్తారు?"

ఎనిమిది మడతలు పెట్టి కవర్లో పెడతారని చెప్పాను.

"మడత పెట్టకు," అంది. "చుట్టే ఉంచు."